రేడియోలో వినిపించే ఫొటోను కంప్యూటర్‌లో చూడటం ఎలా

షార్ట్‌వేవ్ రిసీవర్‌ను 14.230 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి కాసేపు ఓపిక పడితే ఒక వింత చప్పుడు వినిపిస్తుంది. ముందు సన్నటి ఈల, మధ్యలో చిటికెలో తెగి అతుక్కున్నట్టు ఒక టిక్కు, మళ్ళీ అదే ఈల, వెంటనే అర సెకను కూడా పట్టని గలగల, ఇక అక్కడి నుంచి దాదాపు రెండు నిమిషాలు సెకనుకు రెండు చొప్పున దెబ్బలు పడుతూ, వాటి మధ్య కీచుమని పైకీ కిందికీ పోయే రొద. తెలియనివాళ్ళు ఏదో డిస్టర్బెన్స్ అనుకుని డయల్ తిప్పేస్తారు. నిజానికి అది ఫొటో. ఎక్కడో ఒక హ్యామ్, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియో నడిపే మనిషి, గీత తర్వాత గీతగా పంపిస్తున్న ఫొటో. దాన్ని మామూలు ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు, మొదలుపెట్టడానికి కొత్తగా ఏమీ కొననక్కర్లేదు కూడా.

దీని పేరు స్లో స్కాన్ టీవీ, అందరూ ఎస్‌ఎస్‌టీవీ అంటారు. 1957-58లో కాప్‌థార్న్ మెక్‌డొనాల్డ్ అనే అమెరికన్ హ్యామ్ దీన్ని తయారుచేశాడు. అప్పట్లో ఒక్కో బొమ్మ 120 గీతల బ్లాక్ అండ్ వైట్, పంపడానికి 8 సెకన్లు, చూడటానికి రాడార్లలో వాడే రకం గొట్టం కావాలి, ఎందుకంటే చివరి గీత వచ్చేదాకా మొదటి గీత వెలుగు ఆరిపోకుండా ఉండాలి. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్ సౌండ్ కార్డు చేస్తోంది.

ముందే ఒక మాట. నేను చూసినంతలో బొమ్మ సరిగ్గా రాకపోతే తప్పు చాలావరకు డీకోడ్ చేసే, అంటే శబ్దాన్ని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్‌ది కాదు, శబ్దం దాని దాకా నడిచి వచ్చిన దారిది. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం ఆ దారి గురించే చెబుతాను. ఏ బటన్ ఎక్కడుందో మీరే రెండు నిమిషాల్లో కనిపెట్టేస్తారు.

శబ్దంలో బొమ్మ ఎలా ఉంటుంది

ఇది అర్థమైతే మిగతావన్నీ తేలిక. ఎస్‌ఎస్‌టీవీలో వెలుగు అంటే స్వరం ఎత్తు. 1500 హెర్ట్జ్ వినిపిస్తే నలుపు, 2300 అయితే తెలుపు, మధ్యలోవన్నీ మధ్య ఛాయలు. 1200 హెర్ట్జ్ అనేది నలుపు కన్నా కింద ఉంటుంది, అది సింక్, అంటే కొత్త గీత మొదలైందని చెప్పే గుర్తు. మీకు వినిపించే ఆ దెబ్బలు ఇవే. కలర్ కావాలంటే, మార్టిన్ అనే మోడ్‌లో (మోడ్ అంటే బొమ్మను పంపే పద్ధతి) ఒక్కో గీతను మూడుసార్లు పంపుతారు, ముందు ఆకుపచ్చ, తర్వాత నీలం, ఆఖరికి ఎరుపు.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. బొమ్మ వెలుగు శబ్దం ఎంత పెద్దగా ఉందన్న దాంట్లో లేదు, స్వరంలో ఉంది. వాల్యూమ్ పెంచితే బొమ్మ బాగుపడదు, మితి మీరి పెంచితే శబ్దం పగిలి ఇంకా పాడవుతుంది. తక్కువగా, శుభ్రంగా ఉంటే చాలు.

మొదట్లో వచ్చే ఈల, గలగల ఉన్నాయి కదా, అవి ఊరికే లేవు. 1900 హెర్ట్జ్ ఈల 300 మిల్లీసెకన్లు, 10 మిల్లీసెకన్ల 1200 టిక్కు, మళ్ళీ 1900 ఈల 300 మిల్లీసెకన్లు. ఆ తర్వాత వచ్చే గలగలను విస్ కోడ్ అంటారు, అది రాబోయే బొమ్మ ఏ మోడ్‌లో ఉందో చెబుతుంది. ఒక్కో బిట్ 30 మిల్లీసెకన్లు, 1100 హెర్ట్జ్ అంటే ఒకటి, 1300 అంటే సున్నా. ఉదాహరణకు మార్టిన్ 1 నంబరు 44. దాన్ని బైనరీలో రాసి కుడి చివర నుంచి ఎడమకు చదివితే 0, 0, 1, 1, 0, 1, 0 వస్తుంది. అంటే రేడియోలో 1300, 1300, 1100, 1100, 1300, 1100, 1300 అని ఏడు స్వరాలు వరసగా పలుకుతాయి. ఒకట్లు మూడున్నాయి కాబట్టి సరిసంఖ్య చేయడానికి ఎనిమిదో బిట్ ఇంకో 1100. దీనికి ముందొకటి, వెనకొకటి 1200 స్వరాలు. మొత్తం 300 మిల్లీసెకన్లలో అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని ‘ఇది మార్టిన్ 1’ అని తనంతట తనే గీయడం మొదలుపెడుతుంది. ఆ గలగల మీద ఒక్క పిడుగు శబ్దం పడిందంటే మాత్రం మోడ్ తెలియదు, బొమ్మ మొదలవదు. అలాంటప్పుడు ఏం చేయాలో కింద చెబుతాను.

కావలసినవి

శబ్దం ఎక్కడి నుంచైనా రావచ్చు. షార్ట్‌వేవ్‌లో సైడ్‌బ్యాండ్ (ప్రసారంలో ఒక పక్క సగాన్నే పంపే పద్ధతి, పై సగమైతే అప్పర్, కింది సగమైతే లోయర్) పట్టే రిసీవర్ ఉంటే మంచిది, షార్ట్‌వేవ్ పట్టే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ లాంటి చిన్న డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్‌తో నడిపే రేడియో) అయినా సరే, ఏదీ లేకపోతే ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన రిసీవర్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళ వెబ్ ఎస్‌డీఆర్ అందులో బాగా పేరున్నది, బ్రౌజర్‌లో తెరిచి 14230 అని కొట్టి అప్పర్ సైడ్‌బ్యాండ్ ఎంచుకుంటే చాలు. మొదటిసారి చేసేవాళ్ళకు నేను ఇదే చెబుతాను, ఎందుకంటే యాంటెన్నా బాగుందో లేదో అనే అనుమానం ముందే తొలగిపోతుంది. (అక్కడ తెర మీద యూఎస్‌బీ అని కనిపిస్తే అది అప్పర్ సైడ్‌బ్యాండ్, కేబుల్ పెట్టే పోర్టు కాదు.)

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే విండోస్‌లో ఎంఎంఎస్‌ఎస్‌టీవీ, జపాన్ హ్యామ్ మకోటో మోరి రాసింది, ఉచితం. చూడటానికి పాతకాలం కిటికీలాగే ఉంటుంది కానీ బలహీనమైన సిగ్నల్ మీద అది చేసే పని చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం. లైనక్స్‌లో క్యూఎస్‌ఎస్‌టీవీ, మ్యాక్‌లో మల్టీస్కాన్, ఆండ్రాయిడ్ ఫోన్‌లో రోబోట్36 ఉన్నాయి. ఫోన్ యాప్‌ను స్పీకర్ దగ్గర పెడితే మైక్ ద్వారానే బొమ్మ గీసేస్తుంది. అది చూసి ఆశ పుట్టాకే చాలామంది కంప్యూటర్ సెటప్‌కి వస్తారు, మంచి దారే.

వినడానికీ డీకోడ్ చేయడానికీ చాలా దేశాల్లో లైసెన్స్ అడగరు, మీ దేశం రూల్స్ ఒకసారి చూసుకోండి. పంపాలంటే మాత్రం అమెచ్యూర్ లైసెన్స్ ఉండాల్సిందే.

శబ్దాన్ని దారిలో పెట్టడం

బ్రౌజర్‌లోనో ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్‌లోనో మోగే శబ్దం డీకోడర్‌కి వినపడాలంటే మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ తీగ కావాలి. విండోస్‌లో వీబీ-కేబుల్, మ్యాక్‌లో బ్లాక్‌హోల్ ఆ పని చేస్తాయి. లైనక్స్‌లో ఏదీ వేయనక్కర్లేదు, పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్ తెరిచి డీకోడర్ రికార్డింగ్ మూలాన్ని ‘మానిటర్’కి మారిస్తే సరిపోతుంది. శబ్దం వెళ్ళే పరికరంగా ఆ కేబుల్‌ని, డీకోడర్‌లో శబ్దం వచ్చే పరికరంగా కూడా అదే కేబుల్‌ని పెట్టండి. రెండు చివర్లా శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) ఒకటే ఉంచండి, 48000 అని పెట్టుకుంటే గొడవ ఉండదు. బయట ఉన్న రేడియో అయితే దాని హెడ్‌ఫోన్ లేదా లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి ఒక ఆడియో కేబుల్ వేస్తే పని అయిపోతుంది.

ఇక అసలు తలనొప్పి. నేను మొదలుపెట్టినప్పుడు రెండు రోజులు ఒక్క బొమ్మా రాలేదు. సిగ్నల్ చెవికి స్పష్టంగా వినిపిస్తోంది, డీకోడర్‌లో మీటర్ కూడా కదులుతోంది, కానీ తెర మీద గరుకు కాగితం లాంటి మచ్చలు తప్ప ఏమీ లేదు. రేడియో మార్చాను, కేబుల్ మార్చాను, ప్రోగ్రామ్ తీసేసి మళ్ళీ వేశాను. చివరికి ఆ శబ్దాన్నే రికార్డ్ చేసి మళ్ళీ విన్నప్పుడు అర్థమైంది. మొదటి ఈల మొదలై, సగంలోనే మెల్లగా మాయమైపోతోంది. ల్యాప్‌టాప్‌లో మైక్ కోసం పెట్టిన నాయిస్ సప్రెషన్ ఆన్‌లో ఉంది. దాని పని మనిషి గొంతును ఉంచి ఫ్యాను హోరును తీసేయడం, ఒకే స్వరంలో సాగే ఈల దాని లెక్కలో ఫ్యాను హోరే కదా. దాన్ని ఆపిన మరుక్షణం బొమ్మ వచ్చింది.

అందుకే సౌండ్ సెట్టింగ్స్‌లో రికార్డింగ్ పరికరం మీదికి వెళ్ళి ఎన్‌హాన్స్‌మెంట్స్, నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్, ఆటోమేటిక్ గెయిన్ అని ఏమేం ఉన్నాయో అన్నీ ఆపేయండి. రేడియోలో కూడా నాయిస్ రిడక్షన్ ఆపండి, ఆటో నాచ్ అయితే తప్పకుండా ఆపండి, ఎందుకంటే అది ఒంటి స్వరాలను వెతికి మరీ నరికేస్తుంది. ఫిల్టర్ 2.4 కిలోహెర్ట్జ్ లేదా ఇంకాస్త వెడల్పుగా ఉండాలి, మోర్స్ కోసం పెట్టుకునే సన్న ఫిల్టర్‌లో బొమ్మ పట్టదు. ఇంకొకటి, కంప్యూటర్ నోటిఫికేషన్ శబ్దాలు మ్యూట్ చేయండి. మెసేజ్ వచ్చిందని టింగ్‌మన్నా ఆ టింగ్ కూడా బొమ్మలో అడ్డంగా ఒక గీతై పడుతుంది.

ఇదంతా సరిగ్గా ఉందో లేదో చూడటానికి రేడియోతో పని లేదు. పైఎస్‌ఎస్‌టీవీ అనే పైథాన్ లైబ్రరీ ఉంది, దానికి మీ ఫొటో ఇస్తే ఎస్‌ఎస్‌టీవీ శబ్దంగా మార్చి వేవ్ ఫైల్ ఇస్తుంది. ఆ ఫైల్‌ను ప్లే చేసి మీ డీకోడర్‌తో పట్టండి. ఫొటో శుభ్రంగా తిరిగి వచ్చిందంటే శబ్దం దారి బాగున్నట్టే, ఇక ఏం తేడా వచ్చినా అది గాలిలోదో యాంటెన్నాదో.

మొదటి బొమ్మ

ఇప్పుడు 14.230, అప్పర్ సైడ్‌బ్యాండ్. డీకోడర్‌లో మోడ్‌ను ఆటోలో వదిలేయండి. వెళ్ళగానే ఫొటోలు వరదలా వచ్చేయవు, కొన్నిసార్లు గంట సేపు ఏమీ ఉండదు, సిగ్నల్ వచ్చే దిక్కులో పగలున్నప్పుడు ఈ బ్యాండ్ బాగా పలుకుతుంది. ప్రోగ్రామ్‌ను అలా నడవనిచ్చి మీ పని మీరు చేసుకోండి, వచ్చినవి అదే హిస్టరీలో దాచిపెడుతుంది. పది మెగాహెర్ట్జ్ కన్నా కింది బ్యాండ్‌లలో లోయర్ సైడ్‌బ్యాండ్ వాడతారు, ఉదాహరణకు అమెరికాలో 7.171 దగ్గర. సైడ్‌బ్యాండ్ తప్పయితే స్వరాలన్నీ తలకిందులవుతాయి, బొమ్మ రానే రాదు.

ట్యూనింగ్ ఎంత కచ్చితంగా ఉండాలి? నలుపు నుంచి తెలుపుకి 800 హెర్ట్జ్ దూరం. అందులో 256 మెట్లు వేసుకుంటే ఒక్కో మెట్టుకి మూడు హెర్ట్జ్‌కి కాస్త ఎక్కువ. అంటే మీ డయల్ 50 హెర్ట్జ్ పక్కకి ఉంటే బొమ్మ మొత్తం పదహారు మెట్లు మారుతుంది. అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో డయల్ కిందికి ఉంటే బొమ్మ తెల్లబడుతుంది, పైకి ఉంటే నల్లబడుతుంది. ఎంఎంఎస్‌ఎస్‌టీవీలో ఏఎఫ్‌సీ అనే బటన్ సింక్ ఎక్కడ పడుతోందో చూసి ఈ తేడాను సర్దుతుంది, దాన్ని ఆన్‌లోనే ఉంచండి. వాటర్‌ఫాల్‌లో, అంటే స్వరాలు తెర మీద కదులుతూ కనిపించే పటంలో, మీరే చూసుకోవచ్చు, సింక్ గీత 1200 దగ్గర కూర్చుంటే ట్యూనింగ్ బాగున్నట్టు.

మొదలు తప్పిపోయి మధ్యలో పట్టుకున్నారనుకోండి. మోడ్ మీరే ఎంచుకుని మొదలుపెట్టాలి, చెవితో పట్టడం కొన్ని రోజుల్లో అలవాటవుతుంది. మార్టిన్ 1, స్కాటీ 1 రెండూ రెండు నిమిషాల లోపే, 114 సెకన్లు, 110 సెకన్లు, వాటి గీతలు సెకనుకు రెండు కన్నా కాస్త ఎక్కువ. రోబోట్ 36 గబగబా పోతుంది, 36 సెకన్లలో 240 గీతలు. పీడీ 120లో సింక్ దెబ్బ దాదాపు అర సెకనుకొకటి, ఒక్కో దెబ్బకి రెండు గీతలు వస్తాయి, బొమ్మ కూడా పెద్దది. మార్టిన్‌నీ స్కాటీనీ ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే రంగులు గందరగోళమవుతాయి, ఎందుకంటే స్కాటీలో సింక్ గీత మొదట్లో కాకుండా ఎరుపుకి ముందు వస్తుంది. రంగులు వింతగా ఉంటే ఇంకో మోడ్ పెట్టి చూడండి.

బొమ్మ పక్కకి వాలితే

ఇది దాదాపు అందరికీ ఎదురవుతుంది. బొమ్మలో మనిషి గాలివానలో కొబ్బరిచెట్టులా ఒక పక్కకి వంగి ఉంటాడు. సిగ్నల్ తప్పు కాదు, రెండు గడియారాల తేడా. పంపినవాళ్ళ సౌండ్ కార్డు గడియారం ఒకలా, మీది ఇంకోలా నడుస్తున్నాయి.

ఎంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడండి. మార్టిన్ 1 మొత్తం 114.3 సెకన్లు. మీ గడియారం పది లక్షల్లో వంద వంతులు తప్పిందనుకుందాం, అంటే బొమ్మ అయ్యేసరికి 11.4 మిల్లీసెకన్లు తేడా. ఒక్కో రంగుకి గీత 146.4 మిల్లీసెకన్లు, అందులో 320 చుక్కలు, చుక్కకి 0.46 మిల్లీసెకన్లు. 11.4ని దాంతో భాగిస్తే 25 చుక్కలు. పై గీతకీ కింది గీతకీ మధ్య బొమ్మ 25 చుక్కలు పక్కకి జరిగిపోయింది! రోజువారీ పాటలు వినేటప్పుడు ఈ తేడా ఎవరికీ తెలియదు, ఇక్కడ కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సరిచేయడం సులువే. ఎంఎంఎస్‌ఎస్‌టీవీ సింక్ ట్యాబ్‌లో సింక్ పడిన చోట ఒక నిలువు గీత కనిపిస్తుంది, అది వాలి ఉంటే స్లాంట్ బటన్ నొక్కి గీత రెండు చివరలూ గుర్తు పెట్టండి, బొమ్మ నిటారవుతుంది. వచ్చిన డేటా దాని బఫర్‌లో ఉంటుంది కాబట్టి బొమ్మ అయిపోయాక కూడా ఈ పని చేయొచ్చు. ఆటో స్లాంట్ కూడా ఉంది, సిగ్నల్ బాగున్నప్పుడు బాగా పనిచేస్తుంది. బొమ్మలన్నీ ఎప్పుడూ ఒకే వైపు అంతే వాలుతుంటే తప్పు మీ కార్డుదే, సెట్టింగ్స్‌లో క్లాక్ సరిదిద్దేస్తే ఇక ప్రతిసారీ చూసుకోనక్కర్లేదు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి, పైఎస్‌ఎస్‌టీవీ ఫైల్‌ను ఒకే కంప్యూటర్‌లో ప్లే చేసి పట్టినప్పుడు రెండు వైపులా గడియారం ఒకటే కాబట్టి వాలు బయటపడకపోవచ్చు.

వాలడం వేరు, మెట్టులా జరగడం వేరు. సగం దాకా బాగుండి ఒక గీత దగ్గర బొమ్మంతా హఠాత్తుగా పక్కకి గెంతితే కొన్ని శాంపిల్స్ పోయాయన్న మాట. వెబ్ ఎస్‌డీఆర్‌లో నెట్ ఒక్క క్షణం ఆగినా, కంప్యూటర్ మీద భారం ఎక్కువైనా ఇలా అవుతుంది. అది గడియారం సర్దితే పోదు, మిగతా ప్రోగ్రామ్‌లు మూసి బఫర్ పెంచాలి. నిలువు అంచులు రెండుగా, నీడ పడ్డట్టు కనిపిస్తే సిగ్నల్ రెండు దారుల్లో వచ్చి కొంచెం వెనకా ముందూ అయిందని అర్థం, దానికి మనం చేయగలిగింది లేదు.

అంతరిక్ష కేంద్రం నుంచి

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి ఆరిస్ అనే హ్యామ్ కార్యక్రమం వాళ్ళు అప్పుడప్పుడు కొన్ని రోజుల పాటు వరసగా ఎస్‌ఎస్‌టీవీ బొమ్మలు పంపుతారు. 145.800 మెగాహెర్ట్జ్, ఎఫ్‌ఎం, సాధారణంగా పీడీ 120. తేదీలు ముందే ప్రకటిస్తారు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో పోతున్న దాని నుంచి వచ్చే బొమ్మ మీ తెర మీద గీత గీతగా దిగుతుంటే గుండె వేగం పెరుగుతుంది, ఎన్నిసార్లు చూసినా నాకు అంతే.

దీనికి పెద్ద యాంటెన్నా అక్కర్లేదు. చెరో 49 సెంటీమీటర్ల రెండు కడ్డీలతో వీ ఆకారంలో డైపోల్ కట్టి ఆకాశం బాగా కనిపించే చోట పెడితే పని జరుగుతుంది. ఎఫ్‌ఎం ఫిల్టర్ మరీ ఇరుకుగా పెట్టకండి, 15 కిలోహెర్ట్జ్ పైనే ఉంచండి. కేంద్రం మన వైపు వచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ దాదాపు 3.5 కిలోహెర్ట్జ్ పైకి, వెళ్ళేటప్పుడు అంతే కిందికి జరుగుతుంది, ఫిల్టర్ వెడల్పుగా ఉంటే దాన్ని వెంటాడే పని తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి ఉంచండి. సిగ్నల్ బలహీనమైన ప్రతి క్షణం స్క్వెల్చ్ శబ్దాన్ని కోసేస్తుంది, బొమ్మలో ఆ గీతలు పోయినట్టే, కాస్త గరుకుగా వచ్చినా గీత ఉండటమే మేలు.

కేంద్రం తల మీదుగా పోయేది మహా అయితే పది నిమిషాలు. బొమ్మకి రెండు నిమిషాలు, మధ్యలో విరామం, అంటే ఒక్కసారికి రెండు మూడు బొమ్మలే. ఆ టెన్షన్‌లో డీకోడర్ సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకండి, శబ్దాన్ని వేవ్ ఫైల్‌గా మొత్తం రికార్డ్ చేయండి, ఎంపీ3 వద్దు. కేంద్రం దిగిపోయాక నిదానంగా కూర్చుని ఆ ఫైల్‌ను పదిసార్లయినా డీకోడ్ చేసుకోవచ్చు. షార్ట్‌వేవ్‌లో కూడా నాకిదే అలవాటు.

ఫైల్ పేరులో తేదీ, యూటీసీ (ప్రపంచమంతా ఒకటే లెక్కగా వాడే) టైము, ఫ్రీక్వెన్సీ, మోడ్ రాసి పెట్టుకోండి. హ్యామ్‌లు పంపే బొమ్మల్లో సాధారణంగా వాళ్ళ కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) ఉంటుంది, పంపినవాళ్ళకి వాళ్ళ బొమ్మ మీ దగ్గర ఎలా దిగిందో పంపితే చాలా సంతోషిస్తారు. పంపేటప్పుడు మచ్చలు తుడవకండి, రంగులు దిద్దకండి, వచ్చింది వచ్చినట్టే పంపండి, వాళ్ళకి కావలసింది ఆ మచ్చలతో ఉన్న బొమ్మే.